జబ్బుమడిలో పద్నాలుగో వరస

ఫారం కూలీల గదులు, చివరి గది.
తొలకరికి ఇంకా ఇరవై రోజులుంది.

మరదలికి,

వదిన రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. చిన్నోడు దగ్గుతున్నాడని అందులో ఒక్క ముక్క రాసి, ఆ తర్వాత పెరటి గోడ గురించి రెండు పేజీలు రాశావు. దగ్గు తగ్గిందా లేదా? తగ్గితే తగ్గిందని రాయాలి కదమ్మా. నాకిక్కడ ముద్ద దిగడం లేదు. అరవై దాటిన మొగుణ్ణి పట్టుకుని వదిన ఇంకా చిన్నోడంటుందని నవ్వుతావు. నవ్వుకో. చంకనేసుకుని తిప్పిన తమ్ముణ్ణి పెద్దోడని ఎలా అనను?

విత్తనం సంగతి అడగమన్నాడట కదా. అవును, మా ఫారం ఈ ఏడు నారకి వేసే కొత్త గోగు విత్తనం రైతులకిస్తోంది. పద్నాలుగో నెంబరు. కాండం కుళ్ళుకి తట్టుకుంటుంది. ఎలా తెలుసంటావా, పోయినేడు నన్ను జబ్బుమడికి మార్చారని రాశాను గుర్తుందా? నువ్వు నమ్మలేదు, జబ్బుని ఎవరైనా పెంచుతారా వదినా అన్నావు. నిజంగానే పెంచుతారు. కుళ్ళి చచ్చిన గోగు మొదళ్ళు ముక్కలు కొట్టి ఆ మట్టిలోనే కలుపుతారు. చేతులారా నేలని పాడుచేయడం. మొదటి రోజు నాకు చెయ్యి ఆడలేదు. ఆ మట్టిలో నలభై రకాలు, రకానికొక వరస వేస్తారు. పేర్లుండవు, నెంబర్లే. వరసకి నలభై మొక్కలు. ముప్పై రోజులకోసారి, అరవైకోసారి, తొంభైకోసారి నిలబడినవి లెక్కపెట్టాలి. నేను లెక్కపెట్టి చెబితే మేస్త్రీ రాసుకునేవాడు. ఆ విషంలో వరసలకి వరసలు కూలిపోయాయి. పద్నాలుగు ఒక్కటే నిండుగా నిలబడింది, చివరి లెక్కకి ముప్పై ఆరు.

నా కళ్ళతో చూశాను. ఈ వేళ్ళతో లెక్కపెట్టాను. వేసుకోమని చెప్పు, అక్క చెప్పిందని చెప్పు. చెప్పానే గానీ గుండె దడగానే ఉంది. నాకు దేనికి దడ లేదు గనక.

దగ్గు సంగతి రాయి. కవరు సరిగ్గా అంటించు, పోయినసారి సగం తెరుచుకునే వచ్చింది.

వదిన.


ఇంటి నుంచి,
తొలకరికి ముందు ఆదివారం.

వదినా,

దగ్గు తగ్గింది. తగ్గింది. తగ్గింది. మూడుసార్లు రాశాను, ఇక ముద్ద దింపుకో.

నీ ఉత్తరం చదివి వినిపించిన సాయంత్రమే మీ తమ్ముడు చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. ఎక్కడికయ్యా అంటే, "మా అక్క లెక్కపెట్టిన విత్తనం వచ్చింది, నలుగురికీ చెప్పొద్దా?" అన్నాడు. పెళ్ళికి పిలిచినట్టు గడప గడపకీ ఎక్కి చెప్పాడు. మా వీధిలో పదకొండిళ్ళవాళ్ళు మాకూ తెమ్మన్నారు. మొన్న బండి కట్టుకుని వెళ్ళి పన్నెండు సంచులు తెచ్చాడు. చివరింటి తాళ్ళు పేనే ఆయన ఉన్నాడే, ఎవర్నీ నమ్మని మనిషి, ఆయన కూడా ఒక సంచి పుచ్చుకున్నాడు. "ముసలమ్మ పదిసార్లు అనుమానపడందే మంచినీళ్ళు తాగదు. ఆవిడ నమ్మిందంటే నేనెందుకు నమ్మను?" అన్నాడట. నీ పిరికితనానికి ఇంత విలువుందని ఇన్నేళ్ళూ మాకు తెలియలేదు వదినా.

పాత గింజ ఇంక దేనికని డబ్బాలు ఖాళీ చేసి కడిగి బోర్లించాను. ఇల్లంతా విశాలంగా ఉంది.

నీ మోకాలెలా ఉంది? మీ డాక్టరమ్మ వచ్చిందా?

మరదలు.


ఫారం, చివరి గది.
వాన మొదలైంది.

మరదలికి,

పదకొండిళ్ళా! ఆ ముక్క మూడుసార్లు చదివాను. ఒక్క చిన్నోడికి చెప్పమంటే వీధికంతటికీ చెప్పాడా? మంచే జరుగుతుందిలే. నెంబరు పాసైంది, పెద్ద ఆఫీసువాళ్ళు సంతకాలు పెట్టారు, నేనెవరిని భయపడ్డానికి? అయినా పాత గింజ దోసెడైనా ఉంచాల్సింది. డబ్బా మూలల్లో ఏమైనా మిగిలిందేమో చూడు. చెమ్మ తగలనీకు.

డాక్టరమ్మ వచ్చింది. బిడ్డని కని, ఏడాది సెలవు తర్వాత వచ్చింది. ఆవిడ మనుషుల డాక్టరు కాదు, మొక్కల డాక్టరని నాకు ముందు తెలియక, చేరిన కొత్తలో మోకాలు చూపించాను. ఆవిడ వంగి చూసి, "పెద్దమ్మా, ఇది గోగు అయితే పీకి చూసేదాన్ని" అంది. ఇప్పటికీ కనిపిస్తే మోకాలి సంగతి అడిగి నవ్విస్తుంది.

నీళ్ళు నిలబడకుండా కాలువ తీయమను. వానలో తడవద్దను. వింటాడా?

వదిన.


ఇంటి నుంచి,
విత్తి నలభై ఐదు రోజులు.

వదినా,

కంగారు పడతావని నాలుగు రోజులు రాయలేదు. ఇంక దాచలేను.

గోగు పడిపోతోంది. మొదట అక్కడొకటి అక్కడొకటి వాడింది. ఎండకేమో అనుకున్నాం. దగ్గరికెళ్ళి చూస్తే నేల దగ్గర కాండం చుట్టూ నల్లటి పట్టీ, బొటనవేలితో నొక్కితే తొక్క జారి వస్తోంది. పీకితే వేరు రాదు, కాండమే తెగి చేతికొస్తుంది. వాసన. మన ఒక్క పొలం కాదు, పన్నెండూ అంతే.

మీ తమ్ముడు రోజూ తెల్లారే పోయి చచ్చినవి ఏరి గట్టు మీద కాలుస్తున్నాడు. విత్తనాన్ని ఒక్క మాట అననివ్వడు. నిన్న తాళ్ళు పేనే ఆయన గట్టు మీదికొచ్చి, "ఏమయ్యా, ఇదేనా మీ అక్క లెక్క?" అన్నాడు. ఈయన తలెత్తకుండానే, "లెక్క సరిగ్గానే ఉంది. నేనే ఒత్తుగా చల్లించాను, కాలువ ఆలస్యంగా తీశాను. తప్పు నాది" అన్నాడు. ఆ మాట విని ఆయన గట్టు దిగి పోయాడు.

ఇది ఇంతటితో ఆగుతుందా వదినా? జబ్బుమడిలో చూసినదానివి కదా, డాక్టరమ్మని అడిగి రాయి.

మరదలు.


ఫారం.
శుక్రవారం.

మరదలికి,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు బాగానే పడుతున్నాయి. మా గదుల వెనక గోడ నెమ్మెక్కింది. పక్కగది ఆవిడ కూతురు దగ్గరికి వెళ్ళింది. మేస్త్రీకి పన్ను నొప్పి.

పదికి ఎన్ని పడ్డాయో సరిగ్గా లెక్కపెట్టి రాయి. నువ్వే లెక్కపెట్టు. పడ్డచోట ఖాళీగానే వదిలేయమను, పక్క నుంచి మొక్కలు తెచ్చి నింపొద్దని చెప్పు. ఇదొక్కటి మాత్రం గట్టిగా చెప్పు.

డాక్టరమ్మ పనిలో ఉంది. అడుగుతాను.

వదిన.


ఇంటి నుంచి,
విత్తి వంద రోజులు.

వదినా,

నెలన్నర అయింది, నీ దగ్గర నుంచి ఇంకో ఉత్తరం లేదు. వారానికి రెండు రాసి పోస్టతన్ని విసిగించే మనిషివి. ఆ ఒక్కటీ నువ్వు రాసినట్టు లేదు. నా ఉత్తరానికి జవాబులో దగ్గు గురించి అడగకపోవడం ఇదే మొదటిసారి. దగ్గు మళ్ళీ వచ్చింది, నువ్వు అడగలేదు గనక నేను రాయలేదు.

నువ్వు లెక్కపెట్టమన్నావు కదా, నేనే దిగి లెక్కపెట్టాను. పదికి ఏడు పోయాయి. ఇక పడడం ఆగింది. ఖాళీలు నింపొద్దన్నావు, నింపడానికి మొక్కలేవీ? ఎందుకన్నావో నాకర్థం కాలేదు.

ఈ ఏడు నార లేదు. చెరువులో నానబెట్టడానికి ఒక్క మోపు కూడా లేదు. వీధిలో ఎవరూ మమ్మల్ని తిట్టడం లేదు వదినా, అదే భరించలేకుండా ఉంది. నేను కుళాయి దగ్గరికెళితే అంతా బిందెలు సర్దుకుని దారిస్తారు. అత్తగారి దగ్గర కోడలు నిలబడ్డట్టు నిలబడతారు. నలుగురు ఇటుకల పనికి పోతున్నారు. మేమిద్దరం కూడా పొరుగూరు కలుపు పనికి పోతున్నాం. ఈ వయసులో.

మిగిలిన మొక్కల్ని కోయకుండా గింజకి వదిలాం. మీ తమ్ముడు అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: "ఇంత జబ్బులో బతికాయంటే ఇవి గట్టివి. వీటి గింజ దాచుకుందాం. వచ్చే ఏడు పల్చగా వేద్దాం, కాలువ ముందే తీద్దాం. విత్తనం మంచిది, నాకు తెలుసు." పదకొండిళ్ళవాళ్ళూ సరేనన్నారు. ఎవరి దగ్గరా పాత గింజ లేదు, సరేననక ఏం చేస్తారు?

నీకేమైనా ఒంట్లో బాగాలేదా? ఆ ఒక్కటీ రాయి.

మరదలు.


ఫారం, చివరి గది.
విత్తి నూట పాతిక రోజులు.

మరదలికి,

ఇది మూడుసార్లు రాసి చింపాను. ఈసారి చింపకముందే పోస్టు డబ్బాలో వేస్తాను.

గింజ దాచొద్దు. ఎవర్నీ దాచనివ్వొద్దు. ముందు ఇది చిన్నోడికి చెప్పి, తర్వాత మిగతాది చదువు.

నలభై ఐదో రోజున నువ్వు రాసిన ఉత్తరం అందిన మర్నాడు, జబ్బుమడి దగ్గర డాక్టరమ్మ కొత్తగా చేరిన కూలీ అమ్మాయికి పని చెబుతోంది. నేను పక్క వరసలో కలుపు తీస్తున్నాను.

"ఇక్కడ మొక్క చస్తే పీకకూడదు. ఆ చోట ఇంకోటి పెట్టకూడదు" అంది.

"అయ్యో, వరస బోడిగా ఉంటుంది కదండీ?" అంది ఆ అమ్మాయి.

"ఉండనీ. ఎన్ని చోట్లు బోడి అయ్యాయో తెలుసుకోడానికే కదా ఈ మడి. నువ్వు నింపేస్తే ఇక నేనేం చూడాలి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కలుపు తీయడం ఆపి దారి వైపు చూశాను.

పోయినేడు పద్నాలుగో వరస దారి పక్కనుండేది. రెండో లెక్కకి ముందు పెద్ద ఆఫీసువాళ్ళు వస్తున్నారని, దారి పక్కంతా శుభ్రం చేయమన్నాడు మేస్త్రీ. కలుపు తీయమని ఆయన ఉద్దేశం. నాకు వరసలో ఖాళీ కనిపిస్తే చెయ్యి ఆగదు. చిన్నప్పుడు నాన్న పొలంలో నా పని అదే. కుళ్ళినదాన్ని పీకి దూరంగా పారేయడం, గట్టు వార నుంచి మంచిదాన్ని మట్టిగడ్డతో సహా పెల్లగించి తెచ్చి పెట్టడం. ఆ మడిలో అలా చేయకూడదని నాకెవరూ చెప్పలేదు. డాక్టరమ్మ సెలవులో ఉంది. నేనూ అడగలేదు. ప్రతిదానికీ భయపడి చచ్చేదాన్ని, ఆ ఒక్కదానికీ భయం వేయలేదే! వేయాల్సినచోట వేయలేదు.

వాన పడ్డ రోజున మడి గట్టు వార నుంచి మంచి మొక్కలు తెచ్చి పంతొమ్మిది పెట్టాను. తర్వాత ఇంకో నాలుగు పడితే నాలుగూ పెట్టాను. నీళ్ళు మోసి పోశాను. వరస నిండుగా ఉందని మేస్త్రీ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత నేనే లెక్కపెట్టి ముప్పై ఆరన్నాను. కళ్ళతో చూశానని నీకు రాశాను. చూసిన మాట నిజమే.

ఇది నాకు రెండు నెలలకి పైగా తెలుసు. ఏదైనా మందు చల్లితే ఆగుతుందేమో, ఎవరికీ తెలియకుండానే సర్దుకుంటుందేమో అని చూశాను. మడిలో నుంచి పంపించేస్తారేమో, ఈ గది ఖాళీ చేయమంటారేమో అనుకున్నాను. చిన్నోడు నన్ను చూసే చూపు మారిపోతుందని అన్నిటికంటే ఎక్కువ భయపడ్డాను. గింజ దాస్తున్నామన్న నీ ఉత్తరం వచ్చాక కూడా మూడు వారాలు కూర్చున్నాను. రాసి చింపాను అన్నానే, అది ఆ మూడు వారాల్లోనే.

నిన్న డాక్టరమ్మ గదికెళ్ళి చెప్పాను. ఆవిడ, "మోకాలా పెద్దమ్మా?" అని నవ్వుతూ తలెత్తింది. మొత్తం విని, "ఎన్ని పెట్టావు?" అంది.

"ఇరవై మూడమ్మా."

పుస్తకం తీసి, ముప్పై ఆరు పక్కన ఇరవై మూడు రాసి, కింద గీత గీసి పదమూడు వేసింది. నలభైకి పదమూడు. నువ్వు మన పొలంలో దిగి చూసిందీ దాదాపు అంతే కదా. అప్పుడే నా వరసని నేను సరిగ్గా లెక్కపెట్టి ఉంటే, అది మీ దాకా వచ్చేదే కాదు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. "సరిచూసుకోడానికి ఇంకో మడిలో వేసిన పద్నాలుగు వరదకి కొట్టుకుపోయింది. ఇక్కడి ఒక్క వరస చూసే అందరూ సంతకాలు పెట్టారు. తప్పు నీ ఒక్కదానిదే కాదు" అంది. నన్ను తేలికపరచడానికి అన్న మాట. తేలిక కాలేదు. విత్తనం ఆపమని ఆవిడ పైకి రాసింది. వాళ్ళు ఎప్పటికి వింటారో తెలియదంది. మేస్త్రీ మాత్రం బయటికి రాగానే, "నా ఉద్యోగానికి నీళ్ళొదిలావు కదే ముసలిదానా" అన్నాడు. నిజమే, వదిలాను.

నువ్వు అడగమన్నవి ఆలస్యంగా అడిగాను. బతికిన మొక్కలు గట్టివి కావట, జబ్బు వాటిని ఇంకా చేరలేదంతే. ఆ గింజ లోపల కూడా జబ్బు ఉంటుందట. వేస్తే పల్చగా వేసినా ఒత్తుగా వేసినా ఒకటేనట. మీ నేలలో మూడేళ్ళు నార వేయకూడదు. మిగిలిన మొదళ్ళు ఏరి కాల్చేయాలి. చిన్నోడు ఒత్తుగా చల్లలేదు, కాలువ ఆలస్యం చేయలేదు. వాడి తప్పేమీ లేదని నువ్వు గట్టిగా చెప్పు. నా ఉత్తరం చదివి వినిపించు. మధ్యలో ఏదీ వదిలేయకు.

వదిన.


ఇంటి నుంచి,
మంగళవారం.

వదిన గారికి,

మీ ఉత్తరం చదివి వినిపించాను. ఏదీ వదల్లేదు.

మీ తమ్ముడు విని లేచి పొలానికి పోయారు. వెనకాలే వెళ్ళాను. గట్టు మీద కూర్చుని ఉన్నారు. మూడు నెలలుగా ఈ మనిషి రోజూ తనని తాను తిట్టుకుంటుంటే విన్నదాన్ని నేను. ఒత్తుగా చల్లాను, ఒత్తుగా చల్లాను అని అన్నం ముందు కూర్చుని కూడా అనేవారు. ఆ మూడు నెలల్లో రెండు నెలలకి పైగా మీకు తెలుసు. పొరపాటు సంగతి నేనేమీ అనను, ఎవరైనా చేస్తారు. దీన్ని మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇంకొకటి. తాళ్ళు పేనే ఆయన తాళం వేసుకుని భార్య పుట్టింటికి పోయాడు. ముదిరిన కాయలన్నీ కోసి, గింజ మూట కట్టుకుని పోయాడు. అక్కడ బావమరుదుల పొలాలున్నాయట, వాళ్ళకీ ఇస్తానన్నాడు. మీ ఉత్తరం రావడానికి నాలుగు రోజుల ముందు.

కింద మీ తమ్ముడు రాస్తారట.

మరదలు.

అక్కా,

నేను రాయనని నీకు తెలుసు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

పదకొండు గడపలెక్కి మా అక్క లెక్కపెట్టిన విత్తనం అని చెప్పాను. ఇప్పుడు మళ్ళీ అవే గడపలెక్కి గింజ పారేయమని చెప్పాలి. రెండు రోజులు ఆగమన్నాను, కారణం చెప్పలేదు. ఎందుకని అడుగుతారు. ఫారంవాళ్ళు పొరపాటు చేశారని చెప్పనా, మా అక్క చేసిందని చెప్పనా? ఫారంవాళ్ళంటే తిట్టుకుని ఊరుకుంటారు, ఎవరి మొహమూ గుర్తుకు రాదు. సగం మంది నమ్మరు కూడా, గింజ దాచుకుంటారు. నీ పేరు చెబితే నమ్ముతారు. కానీ తర్వాత నువ్వు ఈ వీధిలో కాలు పెట్టలేవు.

నాకేమీ తోచడం లేదు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

తమ్ముడు.


ఫారం.
గురువారం, ఉత్తరం అందిన గంటకి.

మరదలికి, చిన్నోడికి,

నా పేరే చెప్పాలి. కానీ నువ్వు చెప్పొద్దు చిన్నోడా. నేనే వచ్చి చెబుతాను.

డాక్టరమ్మని సెలవడిగాను. తిరిగొచ్చేసరికి ఈ పని ఉంటుందో లేదో తను చెప్పలేనంది. వెళ్ళేటప్పుడు గది తాళం ఆవిడ చేతికే ఇస్తాను. శనివారం బయల్దేరతాను. మూడు బస్సులు మారాలి. ఎక్కడ దిగాలో కాగితం మీద రాయించుకున్నాను, ఆ కాగితం ఎక్కడైనా పోతుందేమోనని ఇంకో కాగితం కూడా రాయించుకున్నాను. రెండో బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయట. సంచి పట్టుకుని ఎలా ఎక్కుతానో తెలియదు. ఎక్కించమని ఎవర్నో అడుగుతాను. స్టాండుకి ఎవరూ రావద్దు.

తాళ్ళు పేనే ఆయన భార్య పుట్టింటి ఊరు ఎక్కడో, ఎలా వెళ్ళాలో ఈలోగా కనుక్కుని ఉంచు. ఆ నాలుగు రోజులు నావి. అక్కడికీ నేనే వెళ్ళాలి. విత్తడానికి ఇంకా నెలలున్నాయి, అది ఒక్కటే అదృష్టం.

మరదలా, "వదిన గారికి" అని రాశావు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇదే మొదలు. రాయాల్సిందే. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదన్నావు, నన్నడిగితే నాకూ తెలియదు. క్షమించమని రాయడానికి పేజీలో చోటుంది గానీ, రాసి పంపి కూర్చోవడం ఇన్నాళ్ళూ దాచి కూర్చున్నట్టే ఉంటుంది.

అందుకని మొదటి ఇల్లు మీదే. లోపలికి రమ్మనక్కర్లేదు, కాళ్ళకి నీళ్ళివ్వక్కర్లేదు. గుమ్మం బయట నిలబడి, ఉత్తరంలో రాసిందంతా మీ ఇద్దరి మొహాలు చూసి మళ్ళీ చెబుతాను. ఆ తర్వాత చిన్నోడు నాతో వస్తే వస్తాడు. దగ్గుతుంటే రావద్దు. వీధి మొదట్లో నిలబడి ఏ ఇల్లు ఎవరిదో వేలితో చూపిస్తే చాలు, తలుపులు నేనే కొట్టుకుంటాను.

వదిన.